మా బడి దెయ్యానికి వారానికో అరగంట ఇవ్వండి

ప్రసార భారతి ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికీ, దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి, పుదుచ్చేరి కేంద్రాల కార్యక్రమ అధికారులకూ



అడగాల్సింది ముందే అడిగేస్తాను. దెయ్యాలున్న బడి ఒకటి. అందులో చదువుకునే పిల్లలు. వాళ్ళను హడలగొట్టాలని వచ్చి తామే నవ్వులపాలై వెళ్ళే దెయ్యాలు. ఇలాంటి హాస్య ధారావాహిక ఒకటి తెలుగులో, పిల్లల కోసమే, మీ చానళ్ళలో తీయించండి. డబ్బింగ్ వద్దు. పెద్దల సీరియల్లో పిల్లల్ని ఓ మూల కూర్చోబెట్టడమూ వద్దు. మన బడి, మన పిల్లలు, మన దెయ్యాలు కావాలి.

ఉత్తరం పుదుచ్చేరిలోని మేట్టుపాళయం నుంచి రాస్తున్నాను. ఇది లారీల టెర్మినల్, పారిశ్రామికవాడ ఉన్న పేట. ఉద్యోగాల కోసం, పనుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు ఇళ్ళు ఇక్కడ కొన్ని ఉన్నాయి. పుదుచ్చేరి అనగానే అందరూ తమిళమే అనుకుంటారు గానీ, కాకినాడకు కూతవేటు దూరంలో, గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. అక్కడి జనం భాష తెలుగు. రాజధానికీ యానానికీ మధ్య 800 కిలోమీటర్లకు పైగా దూరం. ఇక్కడి మా పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పుస్తకాల్లో ఇంగ్లీషు. వాళ్ళకు తెలుగులో నవ్వు దొరికే చోటు టీవీ ఒక్కటే. అందుకే దూరం నుంచైనా ఈ సంగతి నాకు దగ్గరిది.

దెయ్యాలే ఎందుకు? నీతికథలు చాలవా అని మీరు అడగవచ్చు. మా వీధిలో ఆరో తరగతి చదివే ఓ అమ్మాయి గురించి చెబుతాను. పొద్దున వాళ్ళమ్మ నింపి ఇచ్చిన నీళ్ళ సీసా సాయంత్రం నిండుగానే ఇంటికి తిరిగొచ్చేది. నీళ్ళ రుచి నచ్చడం లేదేమోనని ఆమె సీసా మార్చింది, నిమ్మరసం కలిపి చూసింది. ఫలితం లేదు. చివరికి పిల్ల నోరు విప్పింది. బడి బాత్రూముల్లో చివరి గదిలో ఒకామె ఉంటుందట. ఆమె గాజు పోయిందట. ఒంటరిగా వెళ్ళిన పిల్లల్ని తలుపు అవతలి నుంచి గాజు అడుగుతుందట. నీళ్ళు తాగితే అక్కడికి వెళ్ళాలి కాబట్టి ఆ పిల్ల రోజంతా నీళ్ళే మానేసింది. ఎండాకాలంలో కూడా. ఇది ఆ ఒక్క పిల్ల బాధ కాదు. ఆ తరగతిలో ఆడపిల్లలు జట్టుగా తప్ప అటు వెళ్ళరు. జట్టు దొరక్కపోతే ఓర్చుకుంటారు.

ఇది విన్నాక నాకు జపాన్ పిల్లల హనాకో గుర్తుకొచ్చింది. బడిలో మూడో అంతస్తు, ఆడపిల్లల మరుగుదొడ్డి, మూడో గది. తలుపు మూడుసార్లు తట్టి పేరు పెట్టి పిలిస్తే హనాకో పలుకుతుందని అక్కడి పిల్లలు తరాలుగా చెప్పుకుంటున్నారు. ఎక్కడి టోక్యో, ఎక్కడి మేట్టుపాళయం! దెయ్యం మాత్రం రెండు చోట్లా అదే గదిలో చేరింది. కారణం పెద్ద వింతేమీ కాదు. బడిలో పిల్లలు పూర్తిగా ఒంటరయ్యే చోటు అదొక్కటే. మన దగ్గరైతే ఆ గదులు బడి వెనకాల ఉంటాయి, బల్బు ఉండదు, గడియ పట్టదు. పిల్లలు దెయ్యం ఉందని చెప్పిన చోట పెద్దవాళ్ళు ముందుగా చూడాల్సింది ఆ గడియనూ ఆ బల్బునూ. ఫలానా చోట మాకు భయంగా ఉంది, ఫలానా సారు కొడతారు, ఫలానా గది పెచ్చులు రాలుతున్నాయి అని నేరుగా చెబితే వినేవాళ్ళు లేనప్పుడు పిల్లలు ఆ మాటనే దెయ్యంగా మార్చి చెబుతారు. బడి దెయ్యం కథ వాళ్ళు పెట్టుకున్న అర్జీ. దాన్ని చదవడం మనకు రావాలి.

జపాన్ వాళ్ళకు చదవడం వచ్చింది. పిల్లలు చెప్పుకునే ఈ బడి దెయ్యాల కథల్ని పెద్దలు పోగుచేసి పుస్తకాలు వేశారు, సినిమాలు తీశారు, 2000లో టీవీ బొమ్మల ధారావాహికగానూ చేశారు. హనాకో అందరికీ తెలిసిన పిల్ల అయిపోయింది. అందరికీ తెలిసిన దెయ్యం ముందు సగం భయం చస్తుంది.

మన దగ్గర ఏం జరుగుతోందో మీకు తెలుసు. ఆదిలాబాద్ జిల్లా ఆనంద్‌పూర్ ప్రభుత్వ పాఠశాల సంగతి 2024లో వార్తల్లో వచ్చింది. అక్కడ వాడకుండా వదిలేసిన ఒక గదిలో దెయ్యం ఉందని పిల్లలు నమ్మారు. ఓ రోజు బయట చెట్టు కూలిన చప్పుడుకి తరగతి తరగతంతా కెవ్వుమంది. బదిలీ మీద అక్కడికి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు దెయ్యం లేదని చెప్పి చూశారు. పిల్లలు నమ్మలేదు. రుజువు చేస్తానని జూలై నెల అమావాస్య నాడు రాత్రి 8 గంటలకు ఆ గదిలోకి వెళ్ళి పడుకున్నారు. ఉదయం 6 గంటలకు క్షేమంగా బయటికి వచ్చారు. ఆయన్ని చూశాక గానీ పిల్లల గుండె కుదుటపడలేదు. ఆ ఉపాధ్యాయుడికి చేతులెత్తి మొక్కాలి. కానీ ప్రతి బడికీ రాత్రి కాపలా పడుకునే మాస్టారు దొరకరు. ఆడపిల్లల హాస్టల్లో దెయ్యం తిరుగుతోందన్న పుకారు పుట్టడం, పిల్లలు పెట్టెలు సర్దుకుని ఇళ్ళకు వెళ్ళిపోవడం, ఊరి పెద్దలు పూజారినో మంత్రగాణ్ణో పిలిపించడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. పుకారు పుట్టాక దాన్ని చల్లార్చడం కష్టం. పుట్టకముందే పిల్లల చేతికి నవ్వు ఇచ్చి ఉంచడం తేలిక. అంతమంది పిల్లల దగ్గరికి ఒకేసారి వెళ్ళగలిగింది టీవీ.

ఇది మన అలవాటులో లేని పనేమీ కాదు. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' గుర్తు చేసుకోండి. ఘటోత్కచుడి ఆశ్రమంలో రమణారెడ్డి వేసిన చిన్నమయ్య రాక్షస శిష్యుల్ని వరసగా కూర్చోబెట్టి పాఠం చెబుతాడు. సంస్కృతం మాట ఒకటి శిష్యుడి నోరు తిరగదు. గురువు విసుక్కుంటాడు. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు వచ్చి, నోరు తిరక్కపోతేనేం, భావం తెలిసింది కదా అన్న ధోరణిలో శిష్యుడి పక్షాన నిలుస్తాడు. కొత్త మాట పుట్టిస్తే కొట్టడానికి బదులు వీరతాడు వేయిస్తాడు. పింగళి నాగేంద్రరావు రాత, కేవీ రెడ్డి దర్శకత్వం. కోరలు, కొమ్ములు, గదలు అన్నీ ఉన్నా ఆ దృశ్యానికి ఏ పసివాడూ జడుసుకోలేదు. బడిలో మాట పలకలేక బిక్కచచ్చిన ప్రతి పిల్లవాడూ అందులో తన్ను తాను చూసుకుని నవ్వాడు. మన తెరమీద రాక్షసుల బడి అప్పుడే మొదలైంది. అంత చక్కటి ఆరంభం తరవాత దాన్ని మనమే వదిలేశాం.

ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మొదలుపెట్టిన పత్రికే 'చందమామ'. అందులో భేతాళ కథలు చదవని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. శ్మశానం, అర్ధరాత్రి, కత్తి పట్టిన రాజు, భుజాన శవం. శంకర్ గీసిన ఆ బొమ్మ చూస్తే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. అయినా శవంలోని భేతాళుడు చేసేది ఏమిటి? కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు. అంతకు మించి రాజుకు ఏ అపకారమూ చేయడు. దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆ పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు పక్కా హేతువాది. దెయ్యాన్ని నమ్మని మనిషి నెలనెలా పిల్లలకు దెయ్యం కథలు అందించాడు. దెయ్యాన్ని నమ్మించడం వేరు, దెయ్యం కథతో ఆలోచింపజేయడం వేరు అని ఆయనకు తెలుసు. మీ దూరదర్శన్‌కూ ఇది తెలిసిన విషయమే. 1980ల్లో రామానంద్ సాగర్ 'విక్రమ్ ఔర్ బేతాళ్' మీ తెరమీదే వచ్చింది. హిందీ తెలియని తెలుగు పిల్లలు కూడా దాన్ని కళ్ళప్పగించి చూశారు.

తరవాత దారి మారింది. నవలల్లో చేతబడి వచ్చింది. యండమూరి 'తులసిదళం' ఒక పసిపిల్ల చుట్టూ తిరిగిన భయం, కానీ పిల్లల కోసం రాసింది కాదు. 1990ల చివర్లో ఈటీవీ 'అన్వేషిత' ఇల్లిల్లూ వణికించింది. అదీ పెద్దలదే. సినిమాకు హారర్ కామెడీ బంగారు బాతైంది. 'ప్రేమకథా చిత్రమ్', 'గీతాంజలి', 'రాజు గారి గది', 'ఆనందో బ్రహ్మ', అటువైపు తమిళం నుంచి వచ్చిన 'కాంచన' వరస. వీటిలో 'ఆనందో బ్రహ్మ' ఆలోచన నాకెంతో ఇష్టం. మనుషుల్ని చూసి దెయ్యాలు జడుసుకోవడం అసలైన తెలుగు చమత్కారం. కానీ ఏ ఒక్కటీ పిల్లల్ని ఎదురుగా పెట్టుకుని తీసింది కాదు. ప్రతీకార హత్యలు, తాగుడు హాస్యం, ఆడవాళ్ళ మీద వేళాకోళం, ఇవన్నీ కలిసే వస్తాయి. ఇంట్లో ఆ సినిమాలను ఆదివారం మధ్యాహ్నం అన్నాల వేళ ఎక్కువ చూసేది మాత్రం పిల్లలే. సినిమా సర్టిఫికెట్లలో యూఏ తరగతిని 2024లో 7, 13, 16 ఏళ్ళ మెట్లుగా విడగొట్టారు. మంచిదే. ఏడేళ్ళవాడు ఏది చూడకూడదో చెప్పే మెట్లు కట్టుకున్నాం. వాడు ఏది చూడాలో తీసిపెట్టే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

పిల్లల చానళ్ళు లేవా అంటే ఉన్నాయి. 2009లో ఖుషీ టీవీ వచ్చింది, 2021లో ఈటీవీ బాల భారత్ వచ్చింది. తెలుగు పిల్లలకు తెలుగు వినబడేలా చేసినందుకు వాటిని మెచ్చుకోవాలి. కానీ బొమ్మల కథల్లో కనిపించే బడి చాలావరకు మన బడి కాదు. లాకర్లున్న వరండాలు, కెఫెటీరియా, పసుపుపచ్చ బస్సు. మధ్యాహ్న భోజనం కంచం పట్టుకుని వరండాలో బాసింపట్టు వేసుక్కూర్చున్న పిల్లవాడు ఏ కార్టూన్లోనూ హీరో కాడు. ఈ విషయంలో ఇక్కడి తమిళ కుటుంబాలను చూస్తే కాస్త అసూయగా ఉంటుంది. 2004 నుంచి 2007 వరకు సన్ టీవీలో 'మై డియర్ భూతం' అనే పిల్లల సీరియల్ వచ్చింది. మూసా అనే పిల్ల భూతం కథ. మూసా పేరు చెబితే ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న కుర్రాళ్ళ ముఖం కూడా విప్పారుతుంది. ఆ వయసు తెలుగు కుర్రాళ్ళకు చెప్పుకోవడానికి అలాంటి తెలుగు పిల్ల భూతం ఏదీ?

ప్రైవేటు చానళ్ళు లాభం లెక్క చూసుకుంటాయి, అది వాళ్ళ పద్ధతి. నేను మీకు రాయడానికి కారణం వేరు. బ్రిటన్‌లో ఈ పని చేసింది అక్కడి ప్రజా ప్రసార సంస్థ. బీబీసీ 1976 నుంచి 1984 వరకు 'రెంటాఘోస్ట్' అనే పిల్లల హాస్య ధారావాహిక నడిపింది. బతికుండగా ఏ పనిలోనూ రాణించలేకపోయిన వాళ్ళు చచ్చాక దెయ్యాలను అద్దెకిచ్చే కంపెనీ పెట్టుకుంటారు. 2006లో 'యంగ్ డ్రాకులా' మొదలైంది. రక్తపిశాచం కొడుకు తండ్రిలా కావడానికి ఇష్టపడక మామూలు పిల్లల్లో కలిసిపోవాలనుకుంటాడు. ఆ కథ తరవాతి భాగాల్లో ఏకంగా బడిలోకే మకాం మార్చింది. 2013లో 'స్ట్రేంజ్ హిల్ హై' వచ్చింది. చిత్రవిచిత్రాలు జరిగే పాత బడి, కీలుబొమ్మలతో తీసిన కథ. లైసెన్సు ఫీజు కట్టే జనం డబ్బుతోనే పిల్లల కోసం దెయ్యాల బళ్ళు కట్టారు. అది వృథా ఖర్చని వాళ్ళు అనుకోలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పక వస్తుంది, రావాలి కూడా. దెయ్యాల సీరియల్ తీస్తే మూఢనమ్మకం పెంచినట్టు కాదా? 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనల్లోని కార్యక్రమ నియమావళి మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు వద్దంటుంది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలోని 51ఏ అధికరణం చెబుతుంది. జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాల వాళ్ళు మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఊరూరా తిరిగి చేస్తున్న పనికి అడ్డం పడే సీరియల్ నాకూ వద్దు. కాబట్టి నా మనసులో ఉన్న కట్టుబాట్లు స్పష్టంగా చెబుతాను. ఏ ఎపిసోడ్‌లోనూ మంత్రగాడు వచ్చి కాపాడకూడదు. తాయెత్తు, నిమ్మకాయ, విభూతి ఏ సమస్యనూ తీర్చకూడదు. తీర్చేది పిల్లల తెలివి, స్నేహం, లేదంటే పాఠంలో నేర్చుకున్న ఒక ముక్క. ఎవరికో దెయ్యం పట్టిందని ఏ పిల్లనూ, ఏ ఆడమనిషినీ కొట్టే దృశ్యం ఉండకూడదు. మన ఊళ్ళలో ఆ పేరుతో జరిగిన ఘోరాలు చాలు. తెల్ల చీర, విరబోసిన జుట్టు, కాలి గజ్జె, ఆ పాత సామాను పక్కన పెట్టాలి. నల్లగా ఉన్నవాళ్ళనీ, అంగవైకల్యం ఉన్నవాళ్ళనీ దెయ్యాల పక్కన నిలబెట్టి నవ్వించకూడదు.

1969లో అమెరికాలో మొదలైన 'స్కూబీ డూ' ప్రతిసారీ దెయ్యం ముసుగు లాగి లోపలి మనిషిని చూపించేది. అది మంచి దారే. కానీ ఒక్కటే దారి కాదు. ప్రతి వారం ముసుగు తీస్తే మూడో వారానికి పిల్లలు ముందే పసిగట్టేస్తారు. నా ఓటు 'మాయాబజార్' దారికే. కథలో దెయ్యం దెయ్యమే. కానీ దానికీ ఆకలుంటుంది, అలకుంటుంది, పరీక్షలంటే వణుకుంటుంది. భయపెట్టేదానికే భయం ఉందని తెలిసిన పిల్లవాడు బయటి ప్రపంచంలో అరిచే మనిషిని చూసినా అంత బెదరడు.

మన దగ్గర సరుకుకు కొదవా? చిత్తడి నేలల్లో రాత్రిపూట కనబడే వెలుగును కొరివి దెయ్యమన్నారు. కుళ్ళిన ఆకులూ మట్టీ నుంచి పుట్టే వాయువుతో ముడిపెట్టి దానికి శాస్త్రం చెబుతారు. ఆ కొరివి దెయ్యాన్ని సైన్సు ల్యాబులో పెట్టండి. స్పిరిట్ దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె లేనప్పుడల్లా పిల్లలు దాన్నే పిలుస్తారు. ఎంత చదివినా గర్వం వల్ల బ్రహ్మరాక్షసుడైన పండితుడు లైబ్రరీ గదిలో ఉంటాడు. పుస్తకాలు ఎవరూ ఇవ్వరు, అవి బీరువాలో తాళం వేసి ఉంటాయి కాబట్టి ఆయనకు మాట్లాడే దిక్కు లేదు. తాళం తీయించి పుస్తకాలు బయటికి తేవడమే ఆయన విమోచనం. ఈ ఒక్క ఎపిసోడ్ ఎన్ని బళ్ళ బీరువాలు తెరిపిస్తుందో చూడండి.

ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మన ఊళ్ళలో ఒకప్పుడు తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. రాత్రి వచ్చి తలుపు కొట్టే దెయ్యం ఆ రాత చూసి రేపొద్దామని వెళ్ళిపోతుందట. మర్నాడు వచ్చినా అదే రాత. ఆ రోజుల్లో సుద్దముక్కతో, బొగ్గుతో రాసిన ఆ అక్షరాలు చూసి ఎంతమంది పిల్లలు దుప్పటి ముసుగు పెట్టారో. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ దెయ్యానికి తెలుగు చదవడం వచ్చు! చెప్పిన మాట నమ్మే మంచి మనసు కూడా ఉంది. అలాంటి దెయ్యం ఎక్కడ చదువుకుని ఉంటుంది? ఇది తేల్చడానికి ఓ బడి పిల్లలు పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేస్తే అదే మొదటి ఎపిసోడ్. రికార్డు గదిలో చెదలు తిన్న రిజిస్టర్లు, గుండ్రటి చేతిరాతలో హెడ్మాస్టరు సంతకాలు, ఐదో తరగతిలో చదువు మానేసిన ఆడపిల్లల పేర్ల ఎదురుగా ఎర్ర సిరా గీత. పెళ్ళి చేసి పంపేశారని బడి మానేసిన ఒక అమ్మాయి, ఎవరైనా మిగతా పాఠం చెబుతారేమోనని ఇల్లిల్లూ తలుపు తడుతోందనుకోండి. అందరూ రేపు రమ్మంటున్నారు. బడి పిల్లలు మాత్రం తలుపు తీసి బెంచీ మీద చోటిస్తారు. నవ్వుతూ నవ్వుతూ పిల్లలకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. తల్లిదండ్రులకు ఇంకో రకంగా తిరుగుతాయి.

బడి మాత్రం నిజమైన బడి కావాలి. రైలు పట్టా ముక్కను వేలాడదీసి కొట్టే గంట, గోడమీద పోలింగ్ కేంద్రం నంబరు, విరిగిన బల్లలు పేర్చిన స్టోరు గది, కోడిగుడ్డు రోజున కాస్త ముందుగానే కదిలే వరస. కొత్తగా సెట్టు వేయకండి. వేసవి సెలవుల్లో ప్రభుత్వ బళ్ళన్నీ ఖాళీగానే ఉంటాయి. ఒకటి అడిగి తీసుకుని, వెళ్ళేటప్పుడు దాని బాత్రూములు బాగుచేయించి వెళ్ళండి. పిల్లల చేత పనిచేయించడానికి నియమాలు మీకు తెలియనివి కావు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి, రోజుకు 5 గంటలకు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. రాత్రి దృశ్యాలు పగలే తీసుకునే విద్య మీ కెమెరామెన్లకు కొత్తది కాదు. పిల్లల నోట పెద్దల డబుల్ మీనింగ్ మాటలు పలికించే జబ్బు మన కామెడీ షోలకు పట్టింది. అది ఈ గడప తొక్కకుండా చూడండి.

ఒక్క విషయంలో మాత్రం చేయి అదుపులో పెట్టుకోవాలి. గోదావరి తీరంలో బడి చాలాచోట్ల తుఫాను ఆశ్రయం కూడా. 1996 నవంబరు 6న కాకినాడ దగ్గర తీరం దాటిన తుఫాను కోనసీమలో, యానాం చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళను కూల్చిందో, ఎన్ని ప్రాణాలు తీసిందో అక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ మరవలేదు. నిజంగా చనిపోయినవాళ్ళను, వాళ్ళ ఊరినీ హాస్యానికి వాడకూడదు. దెయ్యం కల్పన అయినంతసేపే అది పిల్లలది. ఒక ఇంటి దుఃఖాన్ని తాకితే అది క్రౌర్యం.

ఈ పని మీదే అని ఎందుకంటున్నానంటే మీ సంస్థ పుట్టుకలోనే అది ఉంది. 1990 నాటి ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్ ప్రాంతీయ భాషలకూ సంస్కృతులకూ తగిన చోటు ఇవ్వాలని, పిల్లల ప్రయోజనాలు కాపాడేందుకు ప్రత్యేక చర్యలు తీసుకోవాలని మీకు చెప్పింది. చట్టం రాకముందే మీవాళ్ళు ఆ పని చేశారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై ఆకాశవాణిలో పిల్లల చేతే పిల్లల కార్యక్రమాలు నడిపించారు. పిల్లలు పాడారు, నాటకాలాడారు, తప్పులు పలికారు, దిద్దుకున్నారు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ చేరింది. పొద్దుటి ప్రసారం బడి పిల్లలకే కేటాయించారు. పల్లె పిల్లల కోసం తెలుగులో కార్యక్రమాలు చేయడం యాభై ఏళ్ళ కిందటే సాధ్యమైంది. ఇప్పుడు యాదగిరి, సప్తగిరి అని రెండు తెలుగు చానళ్ళున్నాయి, ఫ్రీ డిష్ ఉంది, 2024 నవంబరులో మొదలుపెట్టిన మీ ఓటీటీ వేవ్స్ ఉంది. పాఠాలు చెప్పే చానళ్ళకైతే లోటే లేదు. పాఠం అయ్యాక పిల్లవాడు నవ్వడానికి ఒక్క కథ లేదు.

భాష గురించి కూడా ఒక మాట. అందరి చేతా ఒకే పుస్తకాల తెలుగు పలికించకండి. ఆదిలాబాద్ పిల్ల ఆదిలాబాద్ యాసలోనే భయపడాలి, అనంతపురం పిల్లవాడు తన యాసలోనే దెయ్యాన్ని దబాయించాలి, యానాం పిల్ల గోదారి తెలుగులోనే ఎత్తిపొడవాలి. మాలాంటి పొరుగు రాష్ట్రాల పిల్లలు మధ్యలో తమిళమో కన్నడమో కలిపి మాట్లాడతారు. అలాంటి పిల్లొకతె కొత్తగా ఆ బడిలో చేరితే దెయ్యానికి కూడా ఆమె మాట సగమే అర్థమవుతుంది. ఆ సన్నివేశం రాసుకోండి. మహారాష్ట్ర, ఒడిశా, తమిళనాడు తెలుగిళ్ళలో దాన్ని పదేపదే పెట్టించుకుని చూస్తారు.

కాబట్టి నా విన్నపం ఇది. ముందుగా 13 ఎపిసోడ్లు తీయించండి, ఒక్కొక్కటి అరగంట. ఆదివారం ఉదయం యాదగిరిలో, సప్తగిరిలో ఒకే వేళకు వేయండి. యానాం పిల్లల కోసం పుదుచ్చేరి కేంద్రం నుంచి కూడా వేయండి. వేవ్స్‌లో ఉచితంగా ఉంచండి. కథల కోసం రచయితల దగ్గరికి వెళ్ళేముందు ఒక ప్రకటన ఇవ్వండి: మీ బడిలో దెయ్యం ఎక్కడుంది, ఎలా ఉంటుంది, ఏమంటుంది అని రాసి పంపమని ఐదు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఉన్న పిల్లలను అడగండి. వచ్చిన ఉత్తరాల్లోంచి కథలు ఎంచుకోండి. మిగిలిన ఉత్తరాలన్నిటినీ, అందులో పిల్లలు చెప్పిన చోట్ల పేర్లతో సహా, ఆయా జిల్లాల విద్యాశాఖాధికారులకు పంపండి. ఏ బడిలో ఏ గదికి బల్బు లేదో, ఏ తలుపుకు గడియ పట్టదో వాటిలో ఉంటుంది.

ఇట్లు
పుదుచ్చేరి, మేట్టుపాళయం నుంచి
ఒక తెలుగు ప్రేక్షకుడు